పెద్దపులి గురించి తిరుపతి, చిత్తూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అలిపిరి మెట్లెక్కే భక్తులు, జూ చూసొచ్చిన పిల్లలు, శేషాచలం అంచున పొలాలున్న రైతులు, భాకరాపేట, మామండూరు వైపు గొర్రెలు మేపేవాళ్లు పెద్దపులి గురించి అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. కొన్నింటికి జవాబు రెండు మాటల్లో అయిపోతుంది. కొన్నింటికి కాస్త ఓపిగ్గా చదవాలి.

శేషాచలంలో పెద్దపులి ఉందా?

ప్రస్తుతం ఇక్కడ కాపురముంటున్న పెద్దపులి లేదు. చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు, ఏనుగులు ఉన్నాయి. ఒకప్పుడు పెద్దపులీ ఉండేది. మామండూరు అడవుల్లో, చామల లోయలో పులులు తిరిగేవని గత శతాబ్దపు వేటగాళ్ల రాతల్లో ఉంది. తుపాకీ వేట, జింకలు, కణితులు తగ్గిపోవడం, అడవిలో మనుషుల రాకపోకలు పెరగడం, అన్నీ కలిసి దాన్ని ఇక్కడ లేకుండా చేశాయి.

అడవి మాత్రం మిగిలింది, అదే మనకున్న ఆశ. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ దాదాపు 4,756 చదరపు కిలోమీటర్లు. అందులో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు 353 చదరపు కిలోమీటర్లు. ఇక్కణ్నుంచి ఉత్తరంగా చూస్తే పాలకొండలు, కడప వైపు లంకమల, ఆ పైన నల్లమల. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది, 3,728 చదరపు కిలోమీటర్లు. 2014లో దేశం మొత్తమ్మీద పులులు రాకపోకలు సాగించగల 32 కారిడార్లను గుర్తించారు. వాటిలో నాగార్జునసాగర్ నుంచి మన శ్రీ వేంకటేశ్వర పార్కు దాకా వచ్చేది ఒకటి. కాబట్టి ‘ఇక్కడ పులి లేదు కదా, మనకెందుకు’ అనేవాళ్లకు మా జవాబు ఒక్కటే: ఉత్తరాన పులి ఉంది, దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు. అది వస్తుందా రాదా అన్నది ఈ వైపు అడవిని మనం ఎలా ఉంచుతామన్న దాని మీద ఆధారపడి ఉంది.

2023లో తిరుమల నడక దారిలో దాడి చేసింది పులి కాదా?

కాదు, చిరుత. ఆ జూన్‌లో ఒక బాబు దాడి నుంచి బతికి బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ కుటుంబం దుఃఖం ముందు వన్యప్రాణుల గురించి ఏం మాట్లాడాలన్నా నోరు రాదు. అయినా భయంలో రెండు జంతువులనూ ఒకటిగా చూస్తే జాగ్రత్తలు కూడా తప్పుతాయి కాబట్టి చెప్పక తప్పదు.

చిరుత ఒంటి మీద గుండ్రటి మచ్చలుంటాయి, పెద్దపులికి చారలుంటాయి. పెద్దపులి మగది 180 నుంచి 260 కిలోల దాకా తూగుతుంది. చిరుత అందులో మూడో వంతు కూడా ఉండదు. చిన్న శరీరం కాబట్టి కుక్కనో, పందిపిల్లనో, కోతినో తిని ఊరి పక్కనే గడిపేస్తుంది. భక్తులు పారేసే తిండికి పందులు, కుక్కలు వస్తాయి. వాటి కోసం చిరుత వస్తుంది. నడక దారిలో గుంపుగా వెళ్లడం, చిన్నపిల్లలను చేయి వదలకుండా మధ్యలో నడిపించడం, సాయంత్రం మీద పడకముందే ఎక్కేయడం, తిన్నది డబ్బాలోనే వేయడం, వీటిని దేవస్థానం నియమాలుగా కాక మన పిల్లల ప్రాణాల లెక్కగా చూడండి.

ఒక పులికి ఎంత అడవి కావాలి?

తిండిని బట్టి ఉంటుంది. నాగరహొళె, కాన్హా లాంటి చోట్ల జింకలు పుష్కలం, అక్కడ ఆడపులికి 20 చదరపు కిలోమీటర్లు చాలొచ్చు. రష్యా తూర్పు మూల మంచు అడవుల్లో వేటజంతువులు పలుచన కాబట్టి అక్కడి ఆడపులికి 400 చదరపు కిలోమీటర్లు కావాల్సి వస్తుంది. మగపులి ఇలాకా ఇంకా పెద్దది, అందులో రెండు మూడు ఆడపులుల ఇలాకాలు ఉంటాయి. చెట్ల బెరడు గోళ్లతో గీకి, పొదల మీద వాసన చిమ్మి ఈ హద్దులను గుర్తు పెడతాయి. ఆ వాసన తాజాగా ఉందంటే ఇంకో పులి సాధారణంగా పక్కకు తప్పుకుంటుంది. కొట్లాడుకుంటే గాయపడేది రెండూ కదా.

అది రోజూ వేటాడుతుందా?

లేదు. సగటున వారానికి ఒక పెద్ద జంతువు. వేటకు వెళ్లిన ప్రతిసారీ దొరకదు, పది ఇరవై ప్రయత్నాల్లో ఒకటి ఫలిస్తే గొప్ప. చిక్కిన రోజున ఒక్క పూటలోనే 30 కిలోల దాకా తిని, మిగిలినదాన్ని ఆకులతో కప్పి, నాలుగైదు రోజులు అక్కడక్కడే ఉంటుంది.

ఈ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్దాం, ఎందుకంటే పులి కథంతా ఇందులోనే ఉంది. వారానికి ఒకటి అంటే ఏడాదికి యాభై. ఒక అడవిలోని దుప్పులు, కణితులు, అడవిపందుల్లో ఏటా పదో వంతును పులి తీసుకున్నా అవి మళ్లీ పెరిగి నిలదొక్కుకుంటాయి. అంతకు మించితే తరిగిపోతాయి. అంటే ఒక్క పులి బతకాలంటే దాని వెనక దాదాపు 500 వేటజంతువులు మేస్తూ ఉండాలి. అడవి పచ్చగా కనిపించినా, లోపల ఆ 500 లేకపోతే అక్కడ పులి ఉండదు. ఆదివారం పూట దుప్పి మాంసం దొరికిందని సంబరపడేవాళ్లు పులిని వేటాడకుండానే దాని నోటికాడి కూడు తీస్తున్నారు.

పులి పిల్లలు ఎన్నాళ్లు తల్లి దగ్గర ఉంటాయి?

రెండేళ్లు, కాస్త అటూ ఇటూ. తల్లి మూడున్నర నెలలు మోసి, రెండు నుంచి నాలుగు పిల్లలను కంటుంది. పుట్టినప్పుడు కళ్లు తెరవవు. రాతి గుహలోనో దట్టమైన పొదలోనో దాచి, తల్లి ఒక్కతే వేటకు వెళ్లొస్తుంది. చోటు మీద ఏమాత్రం అనుమానం వచ్చినా మెడ పట్టుకుని ఒక్కో పిల్లనూ ఇంకో చోటికి మారుస్తుంది. తండ్రి పెంపకంలో పెద్దగా పాలుపంచుకోదు, కానీ దాని ఇలాకా నిలిచి ఉండటమే పిల్లలకు కాపలా. కొత్త మగపులి వచ్చి ఆ చోటును ఆక్రమించిందంటే ముందున్న దాని పిల్లలను చంపేస్తుంది. ఒక పెద్ద మగపులి వేటగాళ్ల చేతిలో చస్తే లెక్కలో ఒకటే తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, ఆ తర్వాత దాని పిల్లలు కూడా పోతాయి. పుట్టిన వాటిలో దాదాపు సగం రెండేళ్లు నిండకుండానే చనిపోతాయి.

వేట నేర్చుకోవడానికే అంత కాలం పడుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, పొంచి ఉండటం, మెడ ఎక్కడ పట్టాలో తెలియడం, ఇవన్నీ తల్లి వెంట తిరిగితేనే వంటబడతాయి. ఆ తర్వాత పిల్లలు సొంత చోటు వెతుక్కుంటూ బయల్దేరుతాయి. పులి జీవితంలో అన్నిటికంటే ప్రమాదమైన దశ అదే. ముఖ్యంగా మగపిల్లలు వందల కిలోమీటర్లు నడుస్తాయి, పొలాలు దాటుతాయి, రోడ్లు దాటుతాయి. కారిడార్ అని అంత పట్టుబట్టేది వీటి కోసమే.

నంద్యాల జిల్లా నుంచి మన జూకు తెచ్చిన నాలుగు పులి పిల్లలను అడవిలోనే ఎందుకు వదల్లేదు?

2023 మార్చిలో పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. తల్లిని వెతికి కలపడానికి అటవీ సిబ్బంది రాత్రుళ్లు కూడా ప్రయత్నించారు. కలవలేదు. తల్లి లేకుండా అంత చిన్న పిల్లలను అడవిలో వదిలితే ఆకలికి చస్తాయి, లేదంటే వేరే జంతువు చంపుతుంది. అందుకే తిరుపతి తెచ్చారు.

ఇక్కడ మా మనసులో మాట ఒకటి. పులి పిల్లలు కనిపించాయంటే ఊరంతా చేరి, ఎత్తుకుని, సెల్ఫీలు దిగడం చాలాచోట్ల జరుగుతోంది. గుంపు, అరుపులు, ఫోన్ లైట్లు ఉన్నచోటికి తల్లి రాదు. పిల్లలు కనిపిస్తే తాకకండి, దూరంగా వచ్చేసి అటవీ శాఖకు ఫోన్ చేయండి. తల్లి చాలావరకు దగ్గర్లోనే ఉంటుంది. ఇది మీ ప్రాణానికీ మంచిది.

జూలో ఉన్న తెల్లపులి వేరే జాతా?

కాదు. మామూలు పులిలోనే అరుదుగా వచ్చే రంగు మార్పు. 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవా ప్రాంతంలో పట్టుకున్న ఒక మగపిల్ల నుంచే జూలలోని తెల్లపులుల సంతతి ఎక్కువగా వచ్చింది. ఆ రంగు కోసం దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే జతకట్టించడంతో మెల్లకన్ను లాంటి లోపాలు వచ్చాయి. పిల్లలకు చూపించండి, కానీ పులుల సంరక్షణకు తెల్లపులితో సంబంధం లేదని కూడా చెప్పండి.

పులి మనుషులను ఎందుకు చంపుతుంది?

మామూలుగా చంపదు. మనిషి అలికిడి వినగానే తప్పుకోవడం దాని అలవాటు. దాడులు జరిగేది ఎక్కువగా కొన్ని సందర్భాల్లోనే: పిల్లలతో ఉన్న తల్లి దగ్గరికి తెలియక వెళ్లినప్పుడు, వంగి కట్టెలో ఆకులో ఏరుతున్నప్పుడు, చంపిన పశువు దగ్గర గుమిగూడినప్పుడు, ముసలితనం వల్లో గాయం వల్లో మామూలు వేట చేయలేని పులి ఎదురైనప్పుడు. ఆ గాయాల్లో చాలావాటికి ఉచ్చులు, ముళ్లపంది ముళ్లు కారణం.

అడవిలో ఎదురైతే పరుగెత్తకండి, కూర్చోకండి, వీపు తిప్పకండి. నిటారుగా నిలబడి, దాన్నే చూస్తూ, మెల్లగా వెనక్కి నడవండి. రాయి విసరకండి.

పులికి అసలు ప్రమాదం ఎక్కణ్నుంచి?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆసియా అంతా కలిపి దాదాపు లక్ష పులులు ఉండేవని అంచనా. 2010 నాటికి అవి 3,200 దగ్గరికి పడిపోయాయి. బాలి, జావా, కాస్పియన్ పులులు పూర్తిగా అంతరించాయి. కంబోడియాలో 2007 తర్వాత ఒక్క పులీ కెమెరాకు చిక్కలేదు. ఇదంతా ఒక్క కారణం వల్ల జరగలేదు.

దొంగవేట ఇంకా ఉంది. ఎముకలు, చర్మం, గోళ్లు దేశం దాటుతాయి. చైనా, ఆగ్నేయాసియా దేశాల్లో పులి ఎముకలతో మందులు, సారాయి చేసే అలవాటు దానికి గిరాకీ. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004–05 నాటికి ఒక్క పులీ లేకుండా తుడిచిపెట్టేశారు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో 2009లో అదే జరిగింది. రెండూ పేరున్న టైగర్ రిజర్వులే, కంచె, బోర్డు, సిబ్బంది అన్నీ ఉన్నవే. తర్వాత వేరే చోట్ల నుంచి పులులను తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు, పన్నా బాగా కోలుకుంది. కాపలా సడలితే ఎంత త్వరగా ఖాళీ అవుతుందో ఈ రెండూ చూపించాయి.

రెండోది మన పల్లెలకు దగ్గరి విషయం. అడవిపంది కోసం పెట్టే ఉచ్చు, కరెంటు తీగ, తిండిలో దాచే నాటుబాంబు. వేరుశనగ, చెరకు, మామిడి తోటల మీద పందులు పడితే రైతుకు ఎంత నష్టమో మాకు తెలుసు, రాత్రంతా మంచె మీద కాపలా కాయడం ఎంత టెన్షనో కూడా తెలుసు. కానీ తీగకు పంది మాత్రమే తగలదు. ఏనుగు తగులుతుంది, చిరుత తగులుతుంది, నల్లమల అంచున పులి తగులుతుంది, పక్క పొలం వాళ్ల కొడుకు తగులుతాడు. కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల పలమనేరు, కుప్పం రైతులు కరెంటుకు చచ్చిన ఏనుగులను కళ్లారా చూశారు. ఉచ్చుకు కాలు తెగిన పులి వెంటనే చావదు. కుంటుతూ, జింకను పట్టలేక, పశువుల మీదికి వస్తుంది. అక్కణ్నుంచి ఊరికీ పులికీ శత్రుత్వం మొదలవుతుంది.

విషం ఇంకా ఘోరం. 2025 జూన్‌లో పక్కనున్న కర్ణాటకలో, మలె మహదేశ్వర కొండల్లో ఒక తల్లిపులి, దాని నాలుగు పిల్లలు ఒకేసారి చనిపోయాయి. పులి చంపిన ఆవు కళేబరం మీద విషం చల్లారు. ఒక ఆవు పోయిన కోపం ఐదు పులుల ప్రాణం తీసింది.

మూడోది రోడ్లు, రైలుమార్గాలు, గనులు. అడవి ముక్కలైతే ఏ ముక్కలోని పులులు ఆ ముక్కలోనే జతకట్టి, తరాలు గడిచేకొద్దీ బలహీనపడతాయి. మన వైపే చూడండి, రేణిగుంట నుంచి కడప వెళ్లే రోడ్డూ రైలుమార్గమూ మామండూరు, బాలపల్లి అడవుల మధ్య నుంచి పోతాయి. అభివృద్ధి వద్దని ఎవరూ అనడం లేదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల మధ్య పెంచ్ అడవిలో 44వ నంబరు జాతీయ రహదారిని స్తంభాల మీద ఎత్తి, కింద జంతువులకు దారి వదిలారు. ఆ దారిలో పులులు నడుస్తున్నాయని కెమెరాలు చూపించాయి. శ్రీశైలం వెళ్లేవాళ్లకు దోర్నాల చెక్‌పోస్టు తెలుసు, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారు. ఆ కొన్ని గంటల నిశ్శబ్దం పులికి చాలా అవసరం. ఖర్చయినా, ఆలస్యమైనా ఇవి చేయదగ్గ పనులని మేం గట్టిగా నమ్ముతాం.

శేషాచలం వరకైతే ఎర్రచందనం దొంగలను కూడా లెక్కలో వేసుకోవాలి. వాళ్లు లోపల రోజుల తరబడి మకాం వేస్తారు, పొయ్యిలు పెడతారు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. 2014 మార్చిలో తిరుమల కొండల మీద మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. గడ్డి కాలిపోతే దుప్పికి మేత లేదు, దుప్పి లేకపోతే పైన చెప్పిన లెక్క ప్రకారం పులీ లేదు.

మా ఇంట్లో తాతల నాటి పులిగోరు లాకెట్ ఉంది. తప్పా?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పులి శరీరంలో ఏ భాగమైనా అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. అమ్మడం, కొనడం ఎలాగూ నేరమే. తాత ఇచ్చాడు, అమ్మమ్మ బారసాలకు చేయించింది అన్నది కోర్టులో జవాబు కాదు. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉండొచ్చు. 2023 అక్టోబర్‌లో కర్ణాటకలో ఒక టీవీ షోలో పాల్గొంటున్న వ్యక్తిని పులిగోరు లాకెట్ వేసుకున్నందుకే అరెస్టు చేశారు. మీ దగ్గర అలాంటిదుంటే దాచిపెట్టకుండా డివిజనల్ అటవీ కార్యాలయంలో అడగండి.

బంగారు కొట్లలో పులిగోరని అమ్మేవాటిలో చాలావరకు పశువుల కొమ్ముతోనో ప్లాస్టిక్‌తోనో చేసినవి. అయినా ఆ మోజు అసలుదానికి కూడా ధర పెంచుతుంది. పిల్లలకు దిష్టి తగలకుండా వేయడానికి నల్లపూసలు లేవా?

పులులను ఎలా లెక్కపెడతారు?

చారల్ని బట్టి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. దారి పక్క చెట్లకు రెండు వైపులా కెమెరాలు కట్టి, ఏదైనా జంతువు ఎదురుగా వస్తే ఫొటో పడేలా పెడతారు. 2022 లెక్కింపులో దేశమంతా 32,588 చోట్ల కెమెరాలు పెడితే 4.7 కోట్లకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో వేర్వేరుగా గుర్తించిన పులులు 3,080. కెమెరాలు పెట్టని అడవులను కూడా అంచనా వేసి సగటు 3,682 అని తేల్చారు. ఆంధ్రప్రదేశ్ వాటా 63. పాత రోజుల్లో అడుగుజాడల అచ్చులు తీసి లెక్కపెట్టేవాళ్లు, అందులో ఒకే పులిని రెండుసార్లు లెక్కేసే పొరపాట్లు ఎక్కువ.

2006లో 1,411 నుంచి 2022కల్లా 3,682 అయ్యాయి కదా, ఇంకా దిగులెందుకు?

సంతోషించాల్సిన విషయమే. ప్రపంచంలోని అడవి పులుల్లో నాలుగింట మూడు వంతులు మన దేశంలోనే ఉన్నాయి. 1973 ఏప్రిల్ 1న మొదలైన ప్రాజెక్ట్ టైగర్ లేకపోతే ఈ మాట రాసుకునే పరిస్థితి ఉండేది కాదు. కానీ పెరుగుదల అన్నిచోట్లా సమానంగా లేదు. కొన్ని రిజర్వులు కిక్కిరిసి పులులు పొలాల్లోకి వస్తున్నాయి, చాలా అడవులు ఖాళీగా ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో శేషాచలం అలా ఖాళీగా ఉన్నదే.

పులి కోసం అడవిలోని మనుషులను పంపేయాలా?

బలవంతంగా అయితే వద్దు. చట్టం కూడా గ్రామస్తుల ఇష్టంతోనే తరలించాలని చెబుతుంది. నల్లమల చెంచులు పులితో తరతరాలుగా కలిసి బతికినవాళ్లు. వాళ్లకు తెలిసిన దారులు, నీటి చెలమలు, జంతువుల అలికిడి ఏ ట్రైనింగ్‌లోనూ రావు. ఇవాళ నల్లమల బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా నడుస్తున్నది చాలావరకు వాళ్లే. పులుల సంఖ్య పెరిగినప్పుడు పొగడ్తలు పై అధికారులకు వెళ్తాయి. ఎండలో నీళ్ల డబ్బా మోస్తూ రోజూ అడవి తిరిగే ఈ వాచర్లకు నెలజీతం సమయానికి అందడం పులుల సంరక్షణలో మొదటి పనిగా పెట్టుకోవాలి.

పులి లేకపోతే మనకేం నష్టం?

పులికి కావాల్సింది పెద్ద, కలత లేని అడవి. అలాంటి అడవే వాన నీటిని పట్టి ఉంచి వాగులకు మెల్లగా వదులుతుంది. తిరుపతి, తిరుమలకు నీళ్లిచ్చే కళ్యాణి డ్యామ్‌కు నీరు శేషాచలం కొండల నుంచే దిగుతుంది. ఆ ఉపయోగం అలా ఉంచితే, ఈ నేల మీద మనకంటే ముందు నుంచీ ఉన్న ప్రాణిని మన కాలంలో పోగొట్టుకోవడం తప్పు. దీనికి వేరే లెక్క అక్కర్లేదు.

పశువును పులో చిరుతో చంపితే ఏం చేయాలి?

కళేబరాన్ని కదపకండి, పూడ్చకండి, మందు చల్లకండి. ఫొటో తీసి, వెంటనే బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. పశువైద్యుడు, అటవీ సిబ్బంది వచ్చి చూసి రాసుకుంటేనే నష్టపరిహారం వస్తుంది. డబ్బు ఆలస్యమవుతుందని రైతులు చెప్పే ఫిర్యాదు న్యాయమైనది. పరిహారం త్వరగా చేతికి అందితే విషం డబ్బా దగ్గరికి చేయి పోదు, దీన్ని అధికారులు కూడా గుర్తించాలి.

అడవి పులిని చూడాలంటే దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలి?

నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల జంగిల్ క్యాంపులు ఉన్నాయి. అక్కడ పులి కనబడటం అరుదు, అడుగుజాడ కనబడినా అదృష్టమే. తప్పకుండా చూడాలనుకుంటే కర్ణాటకలోని బందీపుర, నాగరహొళె మెరుగు. డ్రైవర్‌ను ఇంకా దగ్గరికి పోనివ్వమని డబ్బులు ఇవ్వకండి.

అడవిలో ఉచ్చు కనిపిస్తే తీసేయొచ్చా?

ఇనుప తీగ అయితే అది కరెంటుకు కలిపి ఉండొచ్చు, చేయి పెట్టకండి. ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకుని, దగ్గరి రేంజ్ ఆఫీసుకు చెప్పండి, లేదంటే 112కు ఫోన్ చేయండి. ఒక ఉచ్చు ఉన్నచోట ఆ చుట్టుపక్కల ఇంకొన్ని ఉంటాయి, అన్నీ ఒకే దారి వెంట పెడతారు. అందుకే సిబ్బంది వచ్చేదాకా ఆ దారిలో పశువులను తోలకుండా పక్కవాళ్లకు కూడా చెప్పండి.